పులుసులో కొబ్బరిపాలు

నాకు తెలుగు చదవడం వచ్చినందుకు సిగ్గుపడిన సందర్భం జీవితంలో ఒక్కటే ఉంది. అది సింగపూర్‌లో జరిగింది. ఇన్నేళ్ళలో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మా ఆవిడకి సగం చెప్పి, మిగతా సగం దగ్గరికి వచ్చేసరికి టీవీ సౌండు పెంచాను.

అవి కంప్యూటర్ తెలిసినవాడికీ, తెలుసని చెప్పుకున్నవాడికీ ఒకేలా ఉద్యోగాలు దొరికిన రోజులు. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోతాయన్న భయం మాలాంటివాళ్ళకి అన్నం పెట్టింది. నేను నాలుగు నెలల కోర్సు చేసి, టై కట్టుకోవడం విమానంలో నేర్చుకుని దిగాను. యూ టీ అనే పేటలో ఒక ఫ్లాట్, అందులో నలుగురం. నలుగురిలో ఒక్కడికీ వంట రాదు. వారమంతా హాకర్ సెంటర్లో నూడుల్స్ తిని, ఆదివారం వచ్చేసరికి నోరు చవి చచ్చిపోయేది.

చోవా చూ కాంగ్ ఫ్లాట్లు దాటాక కూరగాయల తోటల వైపు పోయే రోడ్డు మీద తెలుగువాళ్ళ కొట్టు ఒకటుందని ఆఫీసులో ఎవరో చెప్పారు. బీరూ దొరుకుతుంది, భోజనమూ దొరుకుతుందన్నారు. నలుగురం బస్సెక్కి పోయాం. రేకుల షెడ్డు, ఆరు టేబుళ్ళు, ఒక మూల బీరు సీసాల పెట్టె. గుమ్మం మీద ‘ఆంధ్ర భోజనం’ అన్న బోర్డు. ఆ అక్షరాలు రాసినట్టు లేవు, ఎవరో చూసి బొమ్మ గీసినట్టున్నాయి. అప్పుడది చూసి నవ్వుకున్నామే తప్ప, ఎందుకలా ఉందని ఆలోచించలేదు.

కొట్టు నడిపేది భార్యాభర్తలు. ఇద్దరికీ అరవై దాటాయి. ఆంటీ వంట చేసేది. ఇంగ్లీషువాళ్ళ కాలంలో ఆవిడ తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. ఆవిడ ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగింది. ఆంధ్రదేశం ఒక్కసారి కూడా చూడలేదు. తెలుగు మాత్రం ఇంట్లో మిగిలింది, మధ్యమధ్య మలయ్ మాటలతో, అరవం మాటలతో. అంకుల్ వడ్డించేవాడు. పూర్వం నౌకాదళం క్యాంటీన్లో పనిచేసిన మనిషి. ప్లేటు బల్ల మీద ఠపీమని పెట్టే తీరులో ఆ క్యాంటీన్ ఇంకా వినిపించేది.

మేం సింగపూర్ పద్ధతిలో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, అంటే ఇక్కడి మాటలో దాన్ని ‘చోప్’ చేసి, మాదేనని గుర్తు పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి అంకుల్ మా టిష్యూలతోనే ఆ టేబుల్ తుడిచి, బురద బూట్ల వాళ్ళని ఆరుగురిని కూర్చోబెట్టేశాడు. షిప్‌యార్డుల్లో, కట్టడాల్లో పనిచేసే మనవాళ్ళు. వాళ్ళు మా తర్వాత వచ్చారు, మా ముందు తిన్నారు. మేం నలభై నిమిషాలు కూర్చున్నాం. మెనూ లేదు. ఏం పెడితే అదే తినాలి. చివరికి అన్నం, పప్పు, చేపల పులుసు వచ్చాయి. ఆ పులుసు తెల్లగా, చిక్కగా, కొబ్బరిపాలతో ఉంది. అందులో బెలచాన్ అని ఇక్కడివాళ్ళు వాడే ఎండురొయ్యల ముద్ద వాసన. కొంచెం తీపి కూడా తగిలింది.

నాకు ముక్కు మీద కోపం. పైగా కాలేజీలో వ్యాసరచనలో మొదటి బహుమతి తెచ్చుకున్న గర్వం ఒకటి. గోడకి ఒక మేకు, దానికి రూళ్ళ నోటుబుక్కు, దారంతో కట్టిన పెన్ను కనిపించాయి. వచ్చినవాళ్ళు అభిప్రాయాలు రాయడానికి. క్యాంటీన్లో అలాంటి పుస్తకం ఉండేదట, అంకుల్ ఆ అలవాటు ఇక్కడికి తెచ్చాడు. అందులో అప్పటికి నాలుగైదు ఇంగ్లీషు సంతకాలు తప్ప ఏమీ లేవు. నేను పెన్ను తీసుకుని తెలుగులో రాశాను:

‘పేరుకే ఆంధ్ర భోజనం. చేపల పులుసని పెట్టేది చేపల పాయసం. వడ్డించే పెద్దాయన కంట్లో పడాలంటే బురద బూట్లు వేసుకుని రావాలి. ఆకలి తప్ప వేరే ఆశ లేనివాళ్ళే ఇటు రండి.’

మావాళ్ళకి మాత్రమే వినపడేలా గొంతు తగ్గించి చదివాను. మావాళ్ళు ముగ్గురూ చప్పట్లు కొట్టారు. దూరంగా బీరు పెట్టె దగ్గరున్న అంకుల్‌కి చప్పట్లే వినపడ్డాయి, ఆయన కూడా చిన్నగా నవ్వాడు.

నిజం చెప్పాలి కదా. బుధవారం వచ్చేసరికి నాకు ఆ పులుసు గుర్తుకు రావడం మొదలైంది. ఆఫీసులో తేదీలు సరిచేస్తూ కూర్చుంటే నోట్లో ఆ పులుపు, దాని వెనకాల వచ్చే ఆ మెత్తదనం ఊరేవి. ఆదివారం మావాళ్ళు క్రికెట్‌కి పోతే నేనొక్కణ్ణీ బస్సెక్కాను. వాళ్ళకి చెప్పలేదు. పాయసం అన్న నోటితో మళ్ళీ పులుసు కావాలని ఎలా చెప్పను?

ఆ రోజు ఆంటీ కొంగుకి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. నా ఎదురుగా కూర్చుంది. నోటుబుక్కు ఒళ్ళో ఉంది.

“తంబీ, సదువుకున్నోడిలాగున్నావు. తెలుగు సదవడం వొచ్చా?”

“వచ్చు ఆంటీ.”

“మా తాతకి వొచ్చు. మా నాన్నకి సగం వొచ్చు. నా దాకా రానేదు. మాట్టాడతాం, అంతే. ఇక్కడ మాకు ఎవుళు నేర్పినారు?” పుస్తకం తెరిచి నా పేజీ మీద వేలు పెట్టింది. “పోయిన వారం మీవోళ్ళెవరో రాసి సప్పట్లు కొట్టినారంట. అంకుల్ సెప్పినాడు. ఏటి రాసినారో కొంచిం సదువు.”

రాసింది ఎవరో అంకుల్‌కి గుర్తులేదు. ఆయన కళ్ళకి ఇస్త్రీ చొక్కాల వాళ్ళందరం ఒక్కలాగే ఉండేవాళ్ళం. ఆంటీ కళ్ళు మాత్రం నా మొహం మీదే ఉన్నాయి. నా చేతిరాత నా వైపు చూస్తోంది. ‘ఇది బాగా లేదు ఆంటీ’ అనొచ్చు. ‘పులుసులో పాలు ఎక్కువయ్యాయని రాశారు’ అని మెత్తగా చెప్పొచ్చు. కానీ నేను పుస్తకం నా దగ్గరికి లాక్కున్నాను. చదవడం మొదలుపెట్టాను:

“ఈ పులుసు తింటుంటే మా నాయనమ్మ చేతి వంట గుర్తొచ్చింది. వడ్డించే పెద్దాయన మనసు మంచిది. ఆకలేసిన తెలుగువాళ్ళందరూ తప్పకుండా ఇటు రండి.”

ఆంటీ ఇంకోసారి చదవమంది. మొదటిసారి చెప్పిన అబద్ధం మాటమాటా గుర్తుపెట్టుకుని మళ్ళీ చదవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. “నాయినమ్మ అన్నారా! ఇది మా మామ్మ పులుసే. ఆవిడ ఓడలో ఒచ్చినాక ఇక్కడి పక్కింటి మలయ్ ఆవిడ కాడ పాలు పొయ్యడం నేర్సుకుంది,” అని, ఆ పేజీ మూల మడత పెట్టింది. లోపలికి పోయి నాకింకో చేప ముక్క తెచ్చి వేసింది. తిన్నాను. అదీ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఆ తర్వాత అది నా ఆదివారం పని అయిపోయింది. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఒకరికొకరు చెప్పుకుని రావడం మొదలుపెట్టారు. నా పేజీ చూసి వాళ్ళకీ చేతులు దురద పెట్టినట్టున్నాయి, అందరూ తెలుగులోనే రాసేవారు. ‘బీరు చల్లగా ఉంది. అన్నం కూడా.’ ‘చారు అడిగితే చారు రాలేదు, అంకుల్ వచ్చి అప్పడం పెట్టి వెళ్ళాడు.’ ‘గోంగూర ఉందా అంటే ఆంటీ నవ్వింది. ఎందుకు నవ్విందో తెలియలేదు.’ ‘మేం ముందొచ్చాం, వెనకొచ్చినవాళ్ళకి ముందు పెట్టారు, ఇదేం మర్యాద?’ మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. పప్పు బాగుందన్నారు ఇద్దరు ముగ్గురు. పులుసు కోసం ఊరికి ఆ చివరనున్న సెంగ్‌కాంగ్ నుంచి వచ్చామని ఒక జంట రాసింది. షిప్‌యార్డు మనిషి ఒకాయన వంకర అక్షరాలతో ‘అన్నం వేడిగా ఉంది. మళ్ళీ అడిగితే మళ్ళీ పెట్టారు’ అని రాశాడు.

మంచివీ చెడ్డవీ కలిపి అన్నిటినీ నేను పొగడ్తలుగా చదివాను. వచ్చిన చిక్కేమిటంటే, నా అబద్ధాల పక్కన ఆ షిప్‌యార్డు ఆయన నిజం వెలవెలబోయింది. దానికి కూడా నేను రెండు మాటలు చేర్చాను. ఆ పుస్తకం మొత్తంలో ఏమీ కలపక్కర్లేని వాక్యం అదొక్కటే.

అంకుల్ ఎందుకలా వడ్డిస్తాడో మూడో వారంలోనే నాకు తెలిసింది. అడిగితే ఆయన గోడ గడియారం చూపించి, ఇక్కడివాళ్ళలా మాట చివర ‘లా’ తగిలిస్తూ చెప్పాడు.

“వాళ్ళకి లారీ, త్రీ ఓక్లాక్. ఎక్కకపోతే డ్యూటీ పోయింది, జీతం కట్. నీకు బస్సు లా. పది నిమిషాలకి ఒకటి వస్తాది.”

అంతే. ఈ ఒక్క ముక్క నేను ఆ పుస్తకంలో ఎక్కడైనా రాసి ఉంటే, వడ్డన గురించిన గోల అంతటితో తీరిపోయేది. రాయలేదు. రాస్తే కింద ఎవరో ఒకరు ఆ సంగతి ఆంటీతో మాట్లాడతారు, మాటమీద మాట వచ్చి నా చదువు బయటపడుతుందని భయం. పులుసు సంగతి కూడా ఒకసారి ఎత్తబోయాను. “ఆంటీ, పులుసులో...” అన్నాను. ఆవిడ వెంటనే “సాల్లేదేటి తంబీ?” అని ఇంకో గరిటె పోసింది. నేను ఆ గరిటెతో పాటు మాట కూడా మింగేశాను.

అలా ఏడెనిమిది నెలలు గడిచాయి. ఒక ఆదివారం వెళ్ళేసరికి కొట్టులో ఎవరూ మాట్లాడుకోవడం లేదు. ఆ స్థలం ప్రభుత్వం తీసుకుంటోందట, ఖాళీ చేయమని కాగితం వచ్చింది. వాళ్ళకి రెండు దారులున్నాయి. ఒకటి, షిప్‌యార్డుల దగ్గర ఒక క్యాంటీన్. రెండు, సెంగ్‌కాంగ్‌లో కొత్త ఫ్లాట్ల కింద తెరుస్తున్న కాఫీ షాపులో, అంటే పేరుకే కాఫీ, లోపలన్నీ తిండి కొట్లే, అందులో ఒక స్టాల్. అంకుల్ క్యాంటీన్ అన్నాడు. లారీ మనుషులు అక్కడే ఉంటారు, రోజూ తింటారు, వంక పెట్టరు అన్నాడు. ఆంటీకి సెంగ్‌కాంగ్ కావాలి. అక్కడ సాఫ్ట్‌వేర్ కుటుంబాలు దిగుతున్నాయని విన్నది.

“ఆ పిల్లలకే నా వంటంటే పేణం. పుస్తకం నిండా అదే కదా రాసినారు!” అంది అంకుల్‌తో. తర్వాత నా వైపు తిరిగి, “తంబీ, మొదట్నించీ సదువు. ఈ మనిషి యినాల,” అంది.

అంకుల్ బీరు పెట్టె మీద కూర్చున్నాడు, చేతులు కట్టుకుని. ఆంటీ నా పక్కన కూర్చుంది. పుస్తకం నా చేతిలో ఉంది. నిజం చెప్పడానికి దేవుడు నాకు అంతకంటే మంచి అవకాశం ఇవ్వలేదు, ఇవ్వడు కూడా. వాళ్ళ బతుకు ఎటు తిరగాలన్నది ఆ అరగంటలో తేలిపోతుందని నాకు స్పష్టంగా తెలుసు. తెలిసే చదివాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నాయనమ్మలూ, అమృతాలూ, మంచి మనసులూ. ఎందుకు చెప్పలేదని ఇప్పుడెవరైనా అడిగితే నా దగ్గరున్న జవాబు చాలా చిన్నది. నా మొహం చెల్లదని. ఆవిడ దృష్టిలో నేను మంచి పిల్లవాణ్ణి, అది పోగొట్టుకోవడం ఇష్టం లేదు.

చదవడం అయ్యాక అంకుల్ లేచి, “ఓకే లా, సెంగ్‌కాంగ్,” అన్నాడు. ఆయన మొహంలో కోపం లేదు. భార్యని అన్నాళ్ళూ తక్కువ అంచనా వేశానన్న సిగ్గు ఉంది. అది ఇంకా ఘోరం.

సెంగ్‌కాంగ్ స్టాల్ తెరిచిన రోజు పూజకి నన్ను పిలిచారు. కొత్త ఫ్లాట్లు, ఇంకా పెయింటు వాసన. ఆ కాఫీ షాపులో ప్రతి స్టాల్ ముందూ తమని మెచ్చుకుంటూ పేపర్లో వచ్చిన ముక్కలు పెద్దవి చేయించి, అద్దం బిగించి పెట్టుకున్నారు. అది ఇక్కడి పద్ధతి. నూడుల్స్ వాడికి నాలుగున్నాయి, బాతు మాంసం వాడికి రెండు. మన ఆంటీ స్టాల్ ముందు కూడా ఒక పటం ఉంది. గంధం బొట్టు పెట్టి, మల్లెదండ వేసి ఉంది.

దగ్గరికెళ్ళి చూశాను. మూల మడత పెట్టిన గుర్తుతో సహా నా పేజీ. నా చేతిరాత, ఒక్కో అక్షరం బెత్తెడు. ‘పేరుకే ఆంధ్ర భోజనం. చేపల పులుసని పెట్టేది చేపల పాయసం...’

తల కొట్టేసినట్టయింది. ఆంటీ పట్టుచీర కట్టుకుని, ఆ పటం పక్కన నిలబడి వచ్చేవాళ్ళకి నమస్కారం పెడుతోంది. “మొట్టమొదటి మంచి మాట కదా తంబీ, అందుకే దీన్నే ఎట్టినాను,” అంది. ఇంతలో ఒక తెలుగు జంట వచ్చింది. మొగుడు పటం చదివి పెళ్ళాన్ని మోచేత్తో పొడిచాడు. ఆమె చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ నవ్వుకుంటూ నూడుల్స్ స్టాల్ వైపు పోయారు. ఆంటీ వాళ్ళ వెనక నుంచి కూడా నమస్కారం పెట్టింది.

అప్పుడైనా ఆ పటం తీసేయమని చెప్పాల్సింది. చెప్పలేదు. ప్రసాదం తీసుకుని, పని ఉందని చెప్పి వచ్చేశాను. మూడు నెలలు అటు పోలేదు. ఆఫీసులో ఊపిరాడని పని అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ జనవరి ఒకటో తేదీ వచ్చింది, ప్రపంచంలో ఒక్క కంప్యూటరూ తేదీ మరిచిపోలేదు. నా సాకు కూడా పోయింది.

ఒకరోజు చోవా చూ కాంగ్ బస్సుల దగ్గర నిలబడి ఉంటే ఒకాయన నవ్వుతూ దగ్గరికొచ్చాడు. అన్నం వేడిగా ఉందని రాసిన షిప్‌యార్డు మనిషి.

“అన్నా, ఆంటీ కొట్టు ఏడికి వోయింది?”

“సెంగ్‌కాంగ్.”

“గంత దూరమా? మా లారీ గాడికి రాదు గదనే.” బస్సు వచ్చే వైపు చూస్తూ, “మంచిగ పెట్టేది. అడగక ముందే పెట్టేది,” అన్నాడు.

ఆ ఆదివారమే వెళ్ళాను. మధ్యాహ్నం ఒంటిగంట. చుట్టూ అన్ని స్టాళ్ళ ముందూ జనం. ఆంటీ స్టాల్ ముందు ఎవరూ లేరు. అంకుల్ స్టూలు మీద కూర్చుని ఇంగ్లీషు పేపరు చదువుతున్నాడు. నన్ను చూడగానే లేచి, బల్ల తుడిచి, నీళ్ళు తెచ్చి మెల్లగా పెట్టాడు. చప్పుడు రాకుండా. ఆ చప్పుడు లేకపోవడం చూసి, పుస్తకంలో అసలేముందో వీళ్ళకి తెలిసిపోయిందని నాకు అర్థమైంది. తలెత్తి చూస్తే పటం లేదు, గోడ మీద నాలుగు మేకు గుర్తులున్నాయి.

“పటం ఏదని అడగవేటి?” అంది ఆంటీ, వచ్చి ఎదురుగా కూర్చుని. “రెండో వారంలోనే ఒక అమ్మాయి ఒచ్చింది. ‘ఇదెందుకు ఎట్టుకున్నారు ఆంటీ’ అని అడిగింది. సదివి సెప్పింది. తర్వాత పుస్తకం అంతా సదివింది. మంచి పిల్ల. ఏడిసింది కూడాను.”

నేను గోడ మీది మేకు గుర్తులే చూస్తూ కూర్చున్నాను.

“ముందే సెప్పుంటే పాలు తగ్గించీదాన్ని కదా తంబీ. అంకుల్‌కీ సెప్పీదాన్ని. ఇందులో దాసడానికేటుంది? వంటే కదా.”

“ఆంటీ, ఆ మొదటి పేజీ రాసింది నేనే,” అన్నాను.

అంకుల్ పేపరు దించాడు. ఆంటీ కాసేపు నా చేతుల వైపు చూసింది, మొహం వైపు కాదు. తర్వాత లేచి లోపలికి పోయింది. ఇక పొమ్మంటుందనుకున్నాను. ప్లేటుతో వచ్చింది. అన్నం, దాని మీద ఎర్రటి పులుసు.

“నెలాఖరుకి స్టాల్ ఇచ్చెత్తన్నాం. ఆ క్యాంటీన్ వేరేవోళ్ళు తీసేసుకున్నారు. అది పోనీ. పాలు మానేసినాను, బెలచాన్ మానేసినాను. ఆ అమ్మాయి సెప్పినట్టే సేసినాను. తిని నిజం సెప్పు. ఇప్పుడు బాగుందా?”

కలుపుకుని ఒక ముద్ద తిన్నాను. ఏ వంకా లేదు. గుంటూరులో, కాకినాడలో, ఎక్కడైనా ఏ ఇంట్లోనైనా దొరికే పులుసు అది. ఓడలో వచ్చిన మామ్మ అందులో లేదు. పక్కింటి మలయ్ ఆవిడ లేదు. బుధవారాలు నా నోట్లో ఊరిన రుచి లేదు. ఇన్ని నెలలు నేను బస్సెక్కి వచ్చింది దేనికోసమో, దాన్ని నా చేత్తో నేనే తీయించేశాను.

“లేదు ఆంటీ,” అన్నాను. “పాతదే బాగుండేది. కొబ్బరిపాలతో చేసిందే. ఒట్టు, నిజం చెబుతున్నాను.”

ఆంటీ నవ్వింది. ఎగతాళిగా కాదు, పిల్లాడి మాటకి నవ్వినట్టు. నా భుజం మీద తట్టి, “నువ్వు మంచోడివి తంబీ. నువ్వెప్పుడూ అలాగే సెప్తావు,” అంది.

ఇంకోసారి ఒట్టు పెట్టబోయి ఆగిపోయాను. ఆవిడ గరిటె ముంచి ఇంకొంచెం పులుసు పోసింది, నేను తల వంచుకుని అంతా తిన్నాను.